తాగుడు మాన్పించింది దేవుడా, మనుషులా?

వ్యసనం నుంచి బయటపడి ఏళ్లు గడిచినవాళ్లని "ఎలా మానగలిగావు?" అని అడిగి చూడండి. జవాబులు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. దేవుడే చెయ్యి పట్టుకుని లాగాడని ఒకరు అంటారు. ఇంకొకరు దేవుడి ఊసే ఎత్తరు. డాక్టరు, మందులు, ఉద్యోగం పోతుందన్న భయం, అంతే అంటారు. మూడో మనిషికి దేవుడి మీద నమ్మకం లేదు, కానీ సాయంత్రం మీటింగుకి వెళ్లి నలుగురి ముందు మనసు విప్పాకే నిలదొక్కుకున్నానంటాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. గొడవంతా వినేవాళ్లతోనే. ఒక వర్గం ఆధ్యాత్మికత లేనిదే వ్యసనం పోదని తేల్చేస్తుంది, మరో వర్గం అదంతా మూఢనమ్మకమని కొట్టిపారేస్తుంది.

ఆధ్యాత్మికత అని మనం ఒకే మూటగా కట్టేసిన దాంట్లో చాలా సరుకులున్నాయి. నమ్మకం, ప్రార్థన, తప్పు ఒప్పుకోవడం, ధ్యానం, తోటివాళ్ల సాంగత్యం, సేవ. వీటిలో ఏది ఎవరికి పనికొస్తోందో విడదీసి చూడకపోతే ఈ వాదన ఎప్పటికీ తెగదు. విడదీయడానికి అనువైన చోటు 1930ల నాటి అమెరికా. ఇవాళ ఎన్నో దేశాల్లో నడుస్తున్న ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే అందరూ ఏఏ అని పిలిచే సంఘం, పుట్టింది అక్కడే. ఇప్పటికీ తెగని ఈ చిక్కుముడి దాని పుట్టుకలోనే ఉంది.

ప్రార్థిస్తూనే తాగిన డాక్టరు

న్యూయార్క్ షేర్ మార్కెట్‌ని నమ్ముకుని బతికిన బిల్ విల్సన్ 1934 డిసెంబరులో టౌన్స్ హాస్పిటల్‌లో చేరాడు. అది నాలుగోసారి. అక్కడి చికిత్సలో బెల్లడోనా మొక్క నుంచి తీసిన మందు వాడేవారు. దానికి భ్రమలు కలిగించే గుణం ఉంది. నిరాశతో కుంగిపోయి ఉన్న ఆ రోజుల్లోనే ఒకసారి గదంతా వెలుగుతో నిండిపోయినట్టు, ఏదో గొప్ప శక్తి తనను తాకినట్టు అనిపించిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. అది మందు ప్రభావమా, మహిమా అన్న చర్చ నేటికీ నడుస్తోంది. ఏదైనా, 1971లో చనిపోయేదాకా ఆయన మళ్లీ మద్యం ముట్టలేదు.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చిన బిల్ దాదాపు అయిదు నెలలు కనిపించిన తాగుబోతుకల్లా తన అనుభవం చెప్పి, దేవుడి గురించి బోధించాడు. ఒక్కడూ మానలేదు. బోధ తగ్గించి ముందు ఈ జబ్బు ఎంత ప్రాణాంతకమో చెప్పమని ఆయన డాక్టరు విలియం సిల్క్‌వర్త్ సలహా ఇచ్చాడు.

1935 మేలో బిల్ వ్యాపారం పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌కి వెళ్లాడు. పని చెడింది. చేతిలో డబ్బు లేదు, ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. మేఫ్లవర్ హోటల్ లాబీలో అటూ ఇటూ తిరుగుతుంటే ఒక పక్క బార్ నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఇంకో పక్క టెలిఫోను, దాని దగ్గర ఊళ్లోని చర్చిల జాబితా. ఆ రెంటి మధ్య నిలబడ్డ మనిషికి తట్టింది దేవుణ్ని తలుచుకోవడం కాదు, ఇంకో తాగుబోతుతో మాట్లాడాలని. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే చివరికి బాబ్ స్మిత్ అనే సర్జన్ దొరికాడు.

బాబ్‌కి దేవుడు కొత్తేమీ కాదు. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ బృందానికి రెండున్నరేళ్లుగా వెళ్తున్నాడు. ప్రార్థన ఉంది, బైబిల్ ఉంది, చిత్తశుద్ధి కూడా ఉంది. తాగుడూ అలాగే ఉంది! పదిహేను నిమిషాలే మాట్లాడతానని ఒప్పుకున్నవాడు బిల్‌తో కొన్ని గంటలు కూర్చుండిపోయాడు. తనతో మాట్లాడినవాళ్లలో తాగుడు గురించి స్వానుభవంతో, తెలివిగా మాట్లాడిన మొదటి మనిషి ఇతనేనని బాబ్ తర్వాత రాసుకున్నాడు. ఆ తర్వాత ఒక్కసారి జారినా, 1935 జూన్ 10న చివరి గ్లాసు తాగాడు. ఏఏ తన పుట్టినరోజుగా లెక్కపెట్టేది ఆ తేదీనే.

ప్రార్థన రెండున్నరేళ్లు చేయలేనిది ఒక సాయంత్రం మాటలు మొదలుపెట్టాయి. అలాగని ప్రార్థన దండగని తేల్చడం కూడా తప్పే. బాబ్ ఆ తర్వాతా జీవితాంతం ప్రార్థించాడు. తేడా అల్లా, ప్రార్థన పక్కన ఇంతకుముందు లేని మనిషి వచ్చి చేరాడు. ఎదుటివాణ్ని ఉద్ధరించడానికి కాదు, తను తాగకుండా ఉండటానికి వచ్చిన మనిషి.

"నేను కంట్రోల్ చేసుకోగలను"

ఏఏ సభ్యులు పాటించే, 1939లో అచ్చయిన పన్నెండు మెట్లలో మొదటిది మద్యం ముందు మేం అశక్తులమని ఒప్పుకోవడం. బయటివాళ్లకి ఇది చేతకానితనంలా కనిపిస్తుంది. మనసు గట్టి చేసుకోమని చెప్పాల్సింది పోయి, నీ వల్ల కాదని ఒప్పుకోమనడం ఏమిటి? నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో చాలామంది పొరబడేదీ, బాగా పనికొచ్చేదీ ఈ మెట్టే.

వ్యసనం ముదిరే కొద్దీ మెదడులో రెండు చోట్ల మార్పు వస్తుంది. డోపమైన్ అనే రసాయనం మీద నడిచే ప్రతిఫల వ్యవస్థ గ్లాసు చప్పుడుకి, సిగరెట్ వాసనకి, పాత స్నేహితుడి ఫోన్ కాల్‌కి అతిగా స్పందించడం నేర్చుకుంటుంది. అదే సమయంలో ఆచితూచి నిర్ణయించే నుదుటి భాగం పట్టు సడలుతుంది. సడలిన ఆ భాగమే మళ్లీ లెక్కలు వేస్తుంది. ఇవాళ ఒక్క పెగ్గే. శనివారం మాత్రమే. ఈ టెన్షన్ తగ్గాక పూర్తిగా మానేస్తా. "నేను కంట్రోల్ చేసుకోగలను" అని చెప్పేది ఏ అవయవమో, దెబ్బ తిన్నదీ అదే.

ఓటమి ఒప్పుకోవడమంటే ఈ బేరాన్ని ఆపేయడం. ఒక్క గ్లాసు తాగనా వద్దా అని ప్రతిసారీ కొత్తగా విచారణ జరపడం మానేసి, ఆ నిర్ణయాధికారాన్ని తన చేతిలోంచి తీసి వేరే చోట పెట్టడం. నమ్మేవాడు దేవుడి మీద భారం వేస్తాడు. నమ్మనివాడు గ్రూపు మీదో, డాక్టరు చెప్పిన నియమం మీదో వేస్తాడు. ఎక్కడ పెట్టాడన్నది తర్వాతి మాట, ముందు దింపుకోవడం జరగాలి. ఒట్లు ఇక్కడే ఓడిపోతాయి. ఒట్టు వేసేది, దాన్ని కాపాడాల్సింది, దాన్ని తప్పడానికి సాకు వెతికేది ఒకే మనిషి.

ఇది అందరికీ నప్పే మాట కాదన్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల వాదనలో బలం ఉంది. 1970లలో విమెన్ ఫర్ సొబ్రైటీ సంస్థను స్థాపించిన జీన్ కర్క్‌పాట్రిక్ కూడా తాగుడు నుంచి బయటపడ్డ మనిషే. అహం విరగ్గొట్టుకోమన్న బోధ మగవాళ్లకి సరిపోతే సరిపోవచ్చు గానీ, ముందే నలిగిపోయి, ఎందుకూ కొరగానని నమ్మేసిన ఆడవాళ్లకి కావలసింది తమ మీద తమకు నమ్మకమేనని ఆమె వాదించారు. ఆమె సంస్థలో మొదటి మాట అశక్తత గురించి కాదు, నా జీవితం నా చేతిలో ఉందన్నది. తలబిరుసు వల్ల మునిగినవాడికీ, తనను తాను తక్కువ చేసుకోవడం వల్ల మునిగినవాడికీ ఒకే మందు పనిచేయదు మరి.

లెక్కలు ఏం చెబుతున్నాయి

ఏఏ పనిచేస్తుందా అన్న ప్రశ్నకి చాలాకాలం సరైన జవాబు లేదు. పేర్లు రాసుకోని సంఘం మీద పరిశోధన చేయడం కష్టం. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2020లో ప్రచురించిన సమీక్ష కొంత స్పష్టత ఇచ్చింది. 27 అధ్యయనాలు, 10,565 మంది. ఒక పద్ధతి ప్రకారం ఏఏ వైపు నడిపించిన వాళ్లలో ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవారు 42 శాతం. ఆలోచనలనీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ లాంటి ఇతర చికిత్సలు తీసుకున్నవారిలో 35 శాతం. మహత్తు అనేంత తేడా కాదు. పనికిరాదని తీసిపారేసేదీ కాదు. పైగా మీటింగులకి ఫీజు లేదు, ఏళ్ల తరబడి వెళ్లొచ్చు.

అసలు ఆసక్తికరమైన ప్రశ్న, పనిచేస్తే ఎలా పనిచేస్తోంది? హార్వర్డ్‌కి చెందిన జాన్ కెల్లీ బృందం దీన్ని తవ్వింది. తాగుడు చికిత్సలను పోలుస్తూ 1,726 మందితో ప్రాజెక్ట్ మ్యాచ్ అనే పెద్ద అధ్యయనం అంతకుముందే జరిగింది. ఆ సమాచారాన్ని విశ్లేషిస్తే, ఏఏ వల్ల వచ్చిన మేలులో పెద్ద వాటా తాగే స్నేహితులు తగ్గి తాగని స్నేహితులు పెరగడానిది, పదిమందిలో ఉన్నా గ్లాసు వద్దనగలననే ధైర్యానిది అని తేలింది. ఆధ్యాత్మికత పెరగడం వల్ల వచ్చిన మేలూ ఉంది, కానీ అది జబ్బు బాగా ముదిరి, ఆస్పత్రిలో ఉండి వచ్చినవాళ్లలోనే ఎక్కువగా కనిపించింది. అంటే ఒక మోస్తరుగా తాగేవాడికి స్నేహితులు మారితే చాలావరకు పని జరుగుతుంది. పరువు, ఇల్లు, ఆరోగ్యం అన్నీ పోగొట్టుకున్నవాడికి మాత్రం ఇంకా ఎందుకు బతకాలన్న ప్రశ్నకి జవాబు కావాలి. దానికి కొత్త స్నేహితులు మాత్రమే సరిపోరు.

సేవ విషయంలో కూడా ఇదే సమాచారం ఒక మంచి సంగతి బయటపెట్టింది. మరియా పగానో, ఆమె సహచరులు 2004లో చూపించినదాని ప్రకారం, చికిత్స కాలంలో తోటి తాగుడు రోగులకి సాయపడ్డవాళ్లలో 40 శాతం మంది తర్వాతి ఏడాదంతా తాగలేదు. అలా సాయం చేయనివాళ్లలో ఆ సంఖ్య 22 శాతం. ఓపిక ఉన్నవాళ్లే సాయం చేసి ఉండొచ్చన్న అనుమానం సహజమే. కానీ మీటింగ్‌లో కుర్చీలు సర్దడం, కొత్తగా వచ్చి తలదించుకుని కూర్చున్నవాడికి టీ ఇచ్చి తన నంబరు రాసివ్వడం లాంటి చిన్న పనులు చేసే మనిషికి సాయంత్రం ఏడు గంటలకి వెళ్లక తప్పని చోటు ఒకటి ఏర్పడుతుంది. అతను రాకపోతే అడిగేవాళ్లు ఉంటారు. వ్యసనం మొదట లాక్కునేది సరిగ్గా ఇలా అడిగే మనుషులనే.

ఇక ఈ చర్చలో అరుదుగా వినిపించే ఫలితం ఒకటుంది. వ్యసన చికిత్సలో పేరుమోసిన మనస్తత్వవేత్త విలియం మిల్లర్ ఆధ్యాత్మికతను ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. రోగులకి చికిత్సతో పాటు శిక్షణ పొందినవారి చేత ఆధ్యాత్మిక మార్గదర్శనం ఇప్పిస్తే ఏమవుతుందో ఆయన బృందం రెండు ప్రయోగాల్లో పరీక్షించింది. 2008లో ఫలితాలు వచ్చాయి. తాగుడు, డ్రగ్స్ వాడకం విషయంలో అదనపు మేలు ఏమీ కనిపించలేదు. ఆ మార్గదర్శనం పొందినవారి ఆధ్యాత్మిక సాధన కూడా పెరగలేదు. తనకు నచ్చని ఫలితాన్ని దాచకుండా అచ్చువేసిన మిల్లర్‌ని మెచ్చుకోవాలి. బాబ్ స్మిత్ కథ చెప్పిందీ ఇదే. సిలైన్ ఎక్కించినట్టు ఆధ్యాత్మికతను బయటి నుంచి ఎక్కించలేం. మనిషి తనంతట తాను వెళ్లి చేసే పనుల్లోంచి అది పుడితే పుడుతుంది.

మెరుపు కోసం ఎదురుచూసేవాళ్లు

బిల్ విల్సన్ కథ వల్ల జరిగిన నష్టం కూడా ఉంది. గది వెలుగుతో నిండాలని ఎదురుచూసి, అది జరగక, నేను దీనికి తగనేమోనని వెళ్లిపోయినవాళ్లు ఎందరో. ఏఏ ఈ సమస్యను తొందరగానే గుర్తించింది. తన ముఖ్య గ్రంథాన్ని 1941లో మళ్లీ అచ్చువేసినప్పుడు, ఎక్కువమందిలో మార్పు మెల్లగా, నెలల తరబడి వస్తుందని ప్రత్యేకంగా ఒక అనుబంధం చేర్చింది.

ఆ మెరుపు కూడా అన్నీ నయం చేయలేదు. మద్యం మానాక కూడా బిల్‌ని ఏళ్ల తరబడి డిప్రెషన్ వేధించింది. సిగరెట్లయితే దశాబ్దాల పాటు కాలుస్తూనే పోయాడు, చివరికి ఊపిరితిత్తుల జబ్బే ఆయనను తీసుకుపోయింది. దైవాన్ని చూశానన్న మనిషికి ఒక వ్యసనం పోయి ఇంకోటి మిగిలిపోవడం ఎవరినీ వెక్కిరించడానికి పనికొచ్చే సంగతి కాదు. దైవానుభవం ఒక్కటే చాలన్నవాళ్లు మాత్రం దీనికి ఏదో ఒక జవాబు చెప్పాలి. బిల్‌కి ఈ దారి చూపిన చిన్ననాటి స్నేహితుడు ఎబ్బీ థాచర్ కూడా తర్వాతి కాలంలో పదేపదే తాగుడులోకి జారాడు.

మెరుపుతో పనిలేని సాధన కావాలంటే వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ పనిని చూడాలి. ఆయన బౌద్ధ ధ్యానం నుంచి మతాన్ని పక్కన పెట్టి పద్ధతిని తీసుకున్నాడు. తాగాలన్న యావ పుట్టగానే దాంతో కొట్లాడకూడదు, దానికి లొంగకూడదు. కూర్చుని చూడాలి. గొంతు ఎండుతోందా, దవడ బిగుసుకుందా, కడుపులో ఏదో తిప్పుతోందా, అరచేతులు చెమర్చాయా? శ్వాస మీద ఒక కన్ను వేసి, ఆ యావ ఎంత పెరుగుతోందో గమనించాలి. అది పెరుగుతుంది, భరించలేనంత పెరిగినట్టు అనిపిస్తుంది, ఆపైన దానంతట అదే తగ్గుతుంది. తీర్చకపోతే చచ్చిపోతానన్నది అబద్ధమని ఒంటికి తెలియడం మొదటిసారి అప్పుడే. ఈ తరహా శిక్షణను 286 మందితో పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తర్వాత మామూలు చికిత్సలో ఉన్నవారి కంటే, మార్లాట్ అంతకుముందు రూపొందించిన రిలాప్స్ నివారణ (మళ్లీ వ్యసనంలోకి జారకుండా చూసుకునే) శిక్షణ పొందినవారి కంటే కూడా ధ్యానం నేర్చుకున్నవారు మత్తు వాడిన రోజులు తక్కువ.

దేవుడి పేరుతో జరిగే నష్టం

మార్లాట్ గమనించిన ఇంకో విషయం మరీ ముఖ్యమైనది. నెలల తరబడి మానేసినవాడు ఒకరోజు జారి ఒక గ్లాసు తాగుతాడు. అతన్ని పూర్తిగా ముంచేది చాలాసార్లు ఆ గ్లాసు కాదు, దాని తర్వాత వచ్చే ఆలోచన. అంతా పోయింది, నేనింతే, ఇంకెందుకు ఆపడం? సిగ్గు తట్టుకోలేక దాన్ని మరిచిపోవడానికే మళ్లీ తాగుతాడు. వ్యసనాన్ని పాపమని, జారడాన్ని దేవుడికి చేసిన ద్రోహమని నేర్పించే చోట ఈ సిగ్గు రెండింతలవుతుంది. మనస్తత్వవేత్త కెనెత్ పార్గమెంట్ బృందం 596 మంది వృద్ధ రోగులను గమనించి 2001లో ప్రచురించిన పరిశోధన వ్యసనం గురించి కాదు గానీ ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. దేవుడు నన్ను వదిలేశాడు, నన్ను శిక్షిస్తున్నాడు అని మథనపడ్డవాళ్లు తర్వాతి రెండేళ్లలో చనిపోయే అవకాశం ఎక్కువగా కనిపించింది. దేవుడి మీద నమ్మకం ఉండటం వేరు, ఆ దేవుడు ఎలాంటివాడని నమ్ముతున్నామన్నది వేరు.

బలవంతం ఇంకో రకం నష్టం. అమెరికాలో కోర్టులు, జైళ్లు చాలాకాలం తాగి దొరికినవాళ్లని ఏఏ మీటింగులకి పంపేవి. పెరోల్ షరతుగా ఒక బౌద్ధుణ్ని ఇలాంటి దైవ ప్రస్తావన ఉన్న కార్యక్రమానికి బలవంతంగా పంపడం రాజ్యాంగ విరుద్ధమని 2007లో అక్కడి తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీల్ కోర్టు తేల్చింది. నిజానికి ఏఏలో మొదటి నుంచీ నాస్తికులున్నారు. మెట్లలో దేవుడన్న మాట పక్కన "మేం అర్థం చేసుకున్న రీతిలో" అని చేర్చించింది జిమ్ బర్వెల్ లాంటి నమ్మకం లేని సభ్యుల పట్టుదలే. అదీ చాలదనుకునేవారి కోసం 1994 నుంచి స్మార్ట్ రికవరీ ఉంది. అందులో దేవుడు లేడు, మెట్లు లేవు, కాగ్నిటివ్ థెరపీ పద్ధతులూ తోటివాళ్ల మద్దతూ ఉన్నాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది వైద్యం స్థానంలో ఆధ్యాత్మికతను కూర్చోబెట్టడం. ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగినవాడు ఏ శిబిరంలోనో సంకల్పం చెప్పుకుని ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు డెలీరియం ట్రెమెన్స్ రావచ్చు. ఒళ్లంతా వణుకు, లేనివి కనబడటం, జ్వరం, గుండె దడ. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మద్యం విషయంలో మొదటి వారం డాక్టరుది, మిగతా చర్చంతా ఆ తర్వాతే.

హెరాయిన్ లాంటి ఓపియాయిడ్ల విషయంలో ప్రమాదం తిరగబడి వస్తుంది. కొన్ని వారాలు మానేస్తే ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. పాత మోతాదే మళ్లీ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే ఇక్కడ యావని అణిచే మెథడోన్, బుప్రెనార్ఫిన్ మందులకి అంత ప్రాధాన్యం. అవి వాడుతున్నంత కాలం మరణాలు సగానికో అంతకంటే ఎక్కువకో తగ్గుతాయని పలు దేశాల సమాచారం చెబుతోంది. అయినా కొన్ని గ్రూపుల్లో, కొన్ని ఆధ్యాత్మిక కేంద్రాల్లో ఈ మందులు వేసుకునేవాణ్ని ఇంకా శుభ్రపడనివాడిగానే చూస్తారు. ఒక మత్తు వదిలి ఇంకో మత్తు పట్టుకున్నావంటారు. సభ్యులెవరూ డాక్టరు అవతారం ఎత్తొద్దని ఏఏ తన సొంత కరపత్రంలోనే చెప్పినా ఈ ధోరణి పోలేదు.

కాబట్టి మీవాళ్లని ఎక్కడికైనా తీసుకెళ్లే ముందు అక్కడ ఏ దేవుణ్ని కొలుస్తారన్నది తర్వాత అడగండి. మొదటి వారం డాక్టరు ఉంటారా, రాసిచ్చిన మందులు కొనసాగనిస్తారా, ఇష్టం లేనివాడు వెళ్లిపోవచ్చా, ఒకసారి జారి తిరిగొచ్చినవాడితో ఎలా మాట్లాడతారు? ఈ నాలుగు ప్రశ్నలకీ సూటిగా జవాబు రాకపోతే ఇంకో చోటు చూసుకోవాలి. బుప్రెనార్ఫిన్ ఆపేస్తేనే చేర్చుకుంటామన్న చోటైతే ఆ మాట వినగానే లేచి వచ్చేయవచ్చు.